పుట్టుజుట్టు పేచీ

రాయగడ,
21 ఏప్రిల్ 2024, ఆదివారం.

అమ్మీ నాగశ్రీ,

దీవెనలు చివర్లో. ముందు సంగతులు.

నిన్న నీ ఫోను పప్పుగిన్నెలో పడిందో బకెట్లో పడిందో నాకు తెలీదు. బుడుంగుమని ఒక చప్పుడు విన్నాను, తర్వాత నీ కేక విన్నాను, ఆ తర్వాత ఏమీ వినలేదు. ఇది రెండో ఫోను. మూడోది కొన్నా సరే, ఇకమీద మనం ఉత్తరాలే రాసుకుందాం. ఫోను కనబడితే నా మనవడు లాక్కుంటాడు, ఇవ్వకపోతే నేలమీద పడి దొర్లుతాడు, ఇస్తే విసురుతాడు. అదీకాక ఫోన్లో నువ్వు నా మాట సగంలో తెంపేస్తావు. ఉత్తరాన్ని తెంపలేవు. చించగలవు, కానీ చదివేకే చించుతావు. టిక్కిరి బస్సు కండక్టరు లక్ష్మణ రోజూ మీ డొరగుడ కాలనీ గేటు దాకా వస్తాడు కదా, అతని చేతికిస్తే సాయంత్రానికి నాకు చేరుతుంది. ముప్పయ్యేళ్ల కిందట నా దగ్గర లెక్కల్లో తప్పినవాడు. నా మాట కాదనలేడు.

ఫోను మునగడానికి ముందు నాకు అర్థమైనది ఇదీ. జూన్ పద్దెనిమిదిన స్కూలు తెరవగానే నువ్వు టీచరుగా చేరాలి. నువ్వు పాఠం చెప్తున్నంతసేపూ చిన్ను ఆ పక్కనే క్రెష్‌లో ఉండాలి. క్రెష్ నడిపే ప్రణతి మేడం వాడిని వారం చూసి, ముగ్గురు పిల్లల్ని కొరికేడని, అందులో ఒకర్ని రెండుసార్లని, స్కూలు తెరిచేలోగా దార్లోకి రాకపోతే తీసుకోననీ చెప్పేసింది. వాడికి చోటు లేకపోతే నీకు ఉద్యోగం లేదు. అంతేనా? ఇందులో నా కొడుకు ప్రసాదు ఏం చేస్తున్నాడో నువ్వు చెప్పలేదు. చెప్పడానికి ఏమీ లేదనుకుంటాను.

నా మాట విను. నువ్వు మూడుసార్లు 'వద్దు నాన్నా' అని నాలుగోసారి ఇచ్చేస్తున్నావు. మూడు ఏడుపులకి ఒక బిస్కట్టు అని వాడు సూత్రం కట్టుకున్నాడు. రెండేళ్ల రెండు నెలలకే. లెక్కలు మా వంశంలో ఉన్నాయి. ఒకసారి వద్దంటే వద్దే. కొండ కదిలినా నువ్వు కదలకు.

జుట్టు కళ్లలో పడుతోంది, చివర్లు కత్తిరిస్తానన్నావు. పుట్టుజుట్టుకి కత్తెర తగలకూడదని నీకు కొత్తగా చెప్పాలా? మొదటి ఏడు మీ మావయ్య పోయిన సూతకం. రెండో ఏడు తీయించకూడదు. ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది, సింహాచలం అప్పన్న దగ్గర తీయిద్దాం. తొందరేం లేదు. అందాకా బిగించి రెండు పిలకలు వెయ్యి.

సున్నుండలు పంపుతున్నాను. వాడికి రోజుకొకటి, నీకు రెండు. ప్రసాదుకి డబ్బా చూపించకు.

దీవెనలతో,
మేనత్త
(అత్తగారిగా రాస్తే ఇంకోలా ఉండును)


డొరగుడ,
27 ఏప్రిల్.

భారతత్తకి నమస్కారం. లోపల అత్తగారు కూడా ఉంటే ఆవిడకీ.

ఫోను పడింది బట్టలు నానేసిన బకెట్లో. బియ్యంలో పెట్టేను. ఫోనుకి ప్రాణం రాలేదు, బియ్యం సబ్బు వాసనొస్తోంది.

నువ్వు చెప్పినట్టే చేసేను. మంగళవారం వాడు వాళ్ల నాన్న హెల్మెట్ పెట్టుకుని స్నానం చేస్తానన్నాడు. ఒకసారి వద్దన్నాను. పదీ ఇరవైకి ఏడుపు మొదలైంది. పదకొండుంపావుకి కూడా నేను కదల్లేదు. పక్కింటివాళ్లే కదిలి వచ్చేరు. పిల్లాడికి వేడినీళ్లు గానీ పడ్డాయా అని అడిగేరు. వాళ్ల ముందు వాడు హెల్మెట్ పెట్టుకుని నవ్వేడు.

అత్తా, ఏడుపు ఎప్పుడు మొదలవుతోందో నాలుగు రోజులు కాగితం మీద రాసి చూసేను. నీ మేనకోడల్ని కదా. నాలుగు రోజులూ దువ్వెనతోనే మొదలైంది. దువ్వెన చూస్తే మంచం కిందకి దూరిపోతాడు. నేను కాళ్లు పట్టి బైటికి లాగుతాను. భుజాల దాకా జుట్టు, అదీ ఉంగరాలు. ముప్పావుగంట చిక్కు తీస్తాను, వాడు ముప్పావుగంట అరుస్తాడు. బావ షిఫ్టు నుంచి వచ్చి 'ఏటీ గోల' అని తలుపేసుకు పడుకుంటాడు. ఇంక ఆ రోజంతా నేను ఏం చెప్పినా వాడికి నా చేతిలో దువ్వెనే కనిపిస్తుంది.

సంతలో ఒకావిడ 'అమ్మీ, ఇంద' అని కేరెట్టు ఇచ్చింది. తను మగపిల్లాడినని వాడికి ఈమధ్యే తెలిసింది, ఆ విషయంలో చాలా పట్టుదలగా ఉన్నాడు. కేరెట్టు ఆవిడ మీదే విసిరేడు. క్రెష్‌లోనూ అంతే. కొరికించుకున్న ముగ్గురిలో ఇద్దరు వాడి పిలక లాగినవాళ్లే. మూడోవాడు ఎందుకో నాకు తెలీదు.

గుండు చేయిస్తే బుద్ధుడైపోతాడని కాదు. నా ముప్పావుగంట నాకు మిగులుతుంది. వచ్చేవారమే వెళ్లిపోదాం. నువ్వు రాయగడలో రైలెక్కు, మేం అక్కడ కలుస్తాం. తారీఖు చెప్పు చాలు.

నాగశ్రీ

సున్నుండల డబ్బా బావకి దొరికిపోయింది.


రాయగడ,
2 మే.

నాగశ్రీకి,

తారీఖు లేదు. శుక్రమూఢం పట్టింది, వెనకే గురుమూఢం. అది విడిచేసరికి ఆషాఢం. శ్రావణంలో చూద్దాం.

జుట్టు వల్లే కోపమొస్తే తపస్సు చేసుకున్న మునులందరూ మనుషుల్ని కరిచి ఉండాలి. వాడి కోపం జుట్టులో లేదు, నీ ముఖంలో ఉంది. వాడు ఏడవగానే నువ్వు ఎంత గాభరాగా చూస్తావో నాకు ఇక్కణ్ణించి కనబడుతోంది. మీ నాన్న ఆదిశేషు కూడా అంతే. చిన్నప్పుడు నేను ఏడిస్తే వాడు నాకన్నా ముందు అమ్మ దగ్గరికి పరిగెట్టేవాడు. అందుకే నేను బాగా ఏడ్చేదాన్ని. ఏడుపుకి చూసేవాళ్లుండాలి. లేకపోతే దానంతట అదే ఆగుతుంది. పేచీ మొదలవగానే నువ్వు లేచి పక్కగదిలోకి పో.

ప్రసాదు రెండేళ్లప్పుడు కంచం బోర్లించేవాడు. ఒకరోజు ఆ అన్నం అక్కడే వదిలేసి నేను స్కూలుకి పోయేను. ఎవరూ తియ్యొద్దని మా అత్తగారితో చెప్పి మరీ పోయేను. సాయంత్రం వచ్చేసరికి వాడూ ఉన్నాడు, అన్నమూ ఉంది, ఇద్దరి మధ్యా చీమలు. మళ్లీ ఎప్పుడూ బోర్లించలేదు.

ఇక్కడ ఎండ మండిపోతోంది. ట్యూషను పిల్లలు నలుగురే వస్తున్నారు, వచ్చినవాళ్లు కూడా ఫేను కిందకే వస్తున్నారు, నా దగ్గరికి కాదు.

నీ అత్తగారు
(ఈసారి ఆవిడే)


డొరగుడ,
8 మే.

అత్తగారికి,

మునులు కరవలేదు, శపించేవారు. జడలు కట్టినవాళ్లలో శాంతంగా ఉన్నవాళ్ల పేర్లు నాలుగు రాసి పంపు.

నీ రెండో పద్ధతి కూడా చేసి చూసేను. సోమవారం వాడు ఏడుపు మొదలుపెట్టగానే లేచి పక్కగదిలోకి పోయేను. నిజంగానే ఆగిపోయింది. అత్త మాట నిజమే అని నేను ఫేను కింద కూర్చుని కళ్లు మూసుకున్నాను. పది నిమిషాలయ్యాక చూస్తే గోధుమపిండి డబ్బా ఖాళీ. నేలమీద కొంత ఉంది, మిగతా అంతా వాడి తలలో. నేను తెలివితక్కువగా తలమీద నీళ్లు పోసేను. జుట్టులో ఉన్న పిండి మీద నీళ్లు పోస్తే ఏమవుతుందో లెక్కల టీచరుకి తెలీకపోవచ్చు. రెండు గంటలపాటు వాడి తలలోంచి చపాతీముద్ద తీసేను. వాడు ఏడ్చేడు, నేనూ ఏడ్చేను. చూసేవాళ్లెవరూ లేరు. అయినా ఆగలేదు.

ఇంతకీ నువ్వు మూఢాలు ఎప్పణ్ణించి నమ్ముతున్నావు? మా పెళ్లికి పంతులుగారు మూఢం అంటే 'గ్రహాలు ఎప్పుడూ ఖాళీయే, నా కొడుక్కి వారమే సెలవు' అని ముహూర్తం పెట్టించినది నువ్వు. ఊళ్లో అందరూ నోరెళ్లబెట్టేరు. ఆ రోజే నాకు నువ్వంటే ఇంకా ఇష్టమైంది.

అందుకే అడుగుతున్నాను. నేను ఉద్యోగంలో చేరడం నీకు ఇష్టం లేదు కదా? ఇష్టం లేదని చెప్తే బాగుండదు కాబట్టి మూఢం, ఆషాఢం. జూన్ పద్దెనిమిది దాటిపోతే చాలు, తర్వాత జుట్టూ తీయించొచ్చు, నేనూ ఇంట్లోనే ఉంటాను. బావని అడిగితే 'అమ్మ అలా అనుకోదులే' అని అటు తిరిగి పడుకున్నాడు.

నేను అనుకున్నది తప్పయితే మే పంతొమ్మిది ఆదివారం ఇక్కడికి రా. రెండు రోజులు వాడిని నువ్వే చూడు. నువ్వే తల దువ్వు.

నాగశ్రీ


రాయగడ,
12 మే.

నాగశ్రీ,

ప్రసాదు పుట్టిన నలభై ఏడో రోజున నేను చీర కొంగు తడవకుండా లోపల గుడ్డలు మడతపెట్టుకుని తొమ్మిదో తరగతికి బీజగణితం చెప్పేను. వెనకబెంచీవాళ్లు నవ్వితే నవ్వేరు. కోడలు ఉద్యోగం చెయ్యకూడదు అనే మాట నా నోట ఎవరైనా విన్నారా? నీ ఉద్యోగం పోతే మీ నాన్న కన్నా ముందు ఏడ్చేదాన్ని నేను.

ఇంత మాట రాస్తావనుకోలేదు. ఫోన్లో అయితే ఈ మాట నేనే సగంలో తెంపుదును.

వస్తున్నాను. ఆదివారం పొద్దుటి బస్సు. మామ్మ వస్తోందని వాడికి చెప్పు. దువ్వెన కూడా తెస్తున్నాను, మీ దగ్గర ఉన్నది మనుషులది కాదేమో.

భారతీదేవి


డొరగుడ,
20 మే.

అత్తగారికి,

నిన్న పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి గేటు దగ్గర కూర్చున్నాం. మామ్మ బస్సు అని వాడికి చెప్పేను. వచ్చిన ప్రతి లారీకీ 'మామ్మా' అని చెయ్యూపేడు. బస్సు వచ్చింది. లక్ష్మణ దిగేడు, సంచీ దిగింది, నువ్వు దిగలేదు. 'అమ్మగోరికి ఏదో పని తగిలిందటండి' అన్నాడు. నా ముఖంకేసి చూడలేదు.

సంచీలో మామిడికాయలు, కొత్త దువ్వెన.

చిన్ను బస్సు కింద పడుకున్నాడు. పక్కన కాదు, కింద. చక్రం దగ్గర. మామ్మ లోపలే ఉంది, దించమంటాడు. బస్సు పదిహేను నిమిషాలు ఆగిపోయింది. డ్రైవరు, లక్ష్మణ, నేను ముగ్గురం కలిసి లాగితే బైటికొచ్చేడు. లోపల కూర్చున్నవాళ్లు నన్ను ఏమనుకున్నారో నేను విన్నాను. 'పిల్లని అలా పెంచుతారా' అన్నారు. పిల్లని.

ఒక్క ఉత్తరమ్ముక్క అయినా పెట్టలేదు సంచీలో.

ఇంకోటి. వాడి తల వెనక రెండు సెగ్గడ్డలు లేచేయి, చెవి పైన ఒకటి. పిలక బిగించిన చోటే. జుట్టు చాటున ఉండి నిన్నటిదాకా నాకు కనబడలేదు. ఎన్నాళ్లనుంచి నొప్పో. అక్కడే నేను రోజూ దువ్వుతున్నాను.

నాగశ్రీ


రాయగడ,
23 మే.

నాగశ్రీకి,

పని తగిలింది. పదో తరగతి తప్పిన ఇద్దరికి మళ్లీ పరీక్ష ఉంది, ఆదివారమే వాళ్లకి తీరిక. ముందు చెప్పాల్సింది, చెప్పలేదు.

సెగ్గడ్డలకి వేపాకు, పసుపు నూరి పట్టు. పిలకలు మానేసి జుట్టు వదులుగా వదిలెయ్యి. ఎండలో తిప్పకు. మామిడికాయలు వాడికి పెట్టకు.

జుట్టు మాత్రం శ్రావణం దాకా ముట్టుకోవద్దు. ఈ ఒక్క విషయంలో నన్ను కారణాలు అడక్కు. ఆ తలమీద కత్తి పడితే నేను మీ గడప తొక్కను.

భారతీదేవి


డొరగుడ,
3 జూన్.

అత్తా,

కత్తి పడింది. నేనే పెట్టించేను.

వేపాకు పట్టేను, వారం రోజులు. మూడు గడ్డలు కాస్తా ఆరు గడ్డలయ్యేయి. శనివారం జ్వరం వచ్చింది. డిస్పెన్సరీలో డాక్టరు చూసి, జుట్టు తీస్తే గానీ చీము తియ్యలేనన్నారు. గడ్డలున్న చోట మాత్రం తీస్తారా అని అడిగేను. అడిగేను అత్తా, నీ కోసం. ఆయన చిన్ను వైపు చూసి, నా వైపు చూసి, 'మీరు టీచరు కాబోతున్నారు కదమ్మా' అన్నారు. అంతే అన్నారు.

బావ 'అమ్మని ఒక్కమాట అడుగుదాం' అన్నాడు. నేను వద్దన్నాను. అడిగితే నువ్వు వద్దంటావు, నువ్వు వద్దన్నాక చేస్తే పాపం, అడక్కుండా చేస్తే తప్పు. తప్పే చేసేను.

మంగలిని చూసి వాడు ఎంత గోల చేసేడో రాయను. అతని బొటనవేలు కొరికేడు. కానీ జుట్టు మొత్తం పోయాక తలమీద రెండు చేతులూ వేసుకుని తడుముకుని, తడుముకుని, నా ఒళ్లో నాలుగు గంటలు నిద్రపోయేడు. పుట్టిన తర్వాత వాడు పగలు అంతసేపు పడుకోవడం నేను చూడలేదు. లేచేక బిస్కట్టు అడిగేడు, వద్దంటే ఏడ్చేడు. మామూలు ఏడుపు. ఏడుపులో కూడా తేడా తెలుస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

జుట్టు పారెయ్యలేదు. పసుపు గుడ్డలో మూటకట్టి దేవుడి దగ్గర పెట్టేను.

ఇవాళ పొద్దున్న లక్ష్మణకి ఈ సంగతి చెప్తే టిక్కెట్ల పుస్తకం జేబులో పెట్టుకున్నాడు. తర్వాత అన్నాడు: "నాను సెప్పినట్టు అమ్మగోరికి తెలీనీకండి. ఆ ఆదివారం అమ్మగోరు బస్సుటేండుకి వచ్చేరండి. సంచీ అట్టుకుని గంట ముందే వచ్చేరు. బస్సు మెట్టెక్కలేకపోనారండి. రెండుసార్లు కాలెత్తేరు. నాను సెయ్యిచ్చేను, అట్టుకోలేదు. 'సంచీ ఇచ్చీరా లక్ష్మణా, పనుందని సెప్పు' అనీసి ఎనక్కి ఎల్లిపోనారు."

అతనికి మాటిచ్చేను, నీకు రాసేసేను. నాతో అబద్ధం ఆడమని అతనికి చెప్పినది ఎవరో ముందు తేలాలి కదా.

పదో తరగతి తప్పినవాళ్లెవరూ లేరు. మూఢమూ లేదు. అత్తా, అప్పన్నకి నువ్వు ఏం మొక్కుకున్నావు?

నాగశ్రీ


రాయగడ,
7 జూన్.

నాగశ్రీ,

లక్ష్మణకి నేను ఆ రోజుల్లో సున్నా వేసినది సరైన పనే.

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. మొదటి రోజు కోపం వచ్చింది. కత్తి పెట్టించినందుకు ఇప్పటికీ కోపంగానే ఉంది. నువ్వు చేసింది సరైన పని. రెండూ ఒకేసారి ఉండొచ్చు.

అడిగేవు కాబట్టి చెప్తున్నాను. చిన్ను పుట్టిన రోజున నువ్వు లోపల ఉన్నావు, నీకు తెలీదు. మధ్యాన్నం ఒంటిగంటకి నర్సు బైటికొచ్చి ప్రసాదు చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించింది. మొదటిసారి వాడు తన పేరే తప్పు రాసేడు, రెండోసారి పెట్టాల్సొచ్చింది. ముప్పై నాలుగేళ్లు పిల్లల్ని ఋజువేదీ, ఋజువేదీ అని అడిగినదాన్ని, ఆ వరండాలో గోడవైపు తిరిగి నిలబడి అప్పన్నతో బేరం పెట్టేను. ఇద్దరూ బతికితే బిడ్డని నా చంకనేసుకుని కింది మెట్టు నుంచి గుడి దాకా నడిచి వస్తాను, పుట్టుజుట్టు నీకిస్తాను, అందాకా ఎవర్నీ ముట్టనివ్వను అని. రెండున్నరకి మీరిద్దరూ బతికేరు.

అప్పటికి నా మోకాళ్లు బాగానే ఉన్నాయి. మీ మావయ్య పోయిన ఏడాది మంచం దగ్గర, ఆస్పత్రి దగ్గర తిరిగి తిరిగి మొదలైంది. ఇప్పుడు డాబా మీద బట్టలు ఆరేసుకోలేను. కిటికీ చువ్వలకి ఆరేసుకుంటున్నాను. అక్కడ వెయ్యి మెట్లు. మూఢం ఆకాశంలో లేదు, నా మోకాళ్లలో ఉంది.

మొక్కు తప్పితే ఆ రెండు ప్రాణాల్లో ఒకదానికి ఏదైనా అవుతుందేమోనని భయం. నమ్మకం లేనిదానికి భయం ఏమిటని నువ్వు అడుగుతావు. చెప్తే నవ్వుతావని సిగ్గు. బస్సు దగ్గరా అంతే. ఎక్కలేక కాదు, నా దగ్గర చదివినవాడు నలుగురి ముందు నన్ను లాగి ఎక్కిస్తే తట్టుకోలేక. నా సిగ్గుకి చిన్ను తల కురుపులేసింది. వాడు నెలల తరబడి నొప్పి అని చెప్తున్నాడు, వాడికి వచ్చిన భాషలో. నేను వాడికి క్రమశిక్షణ లేదని రాస్తూ కూర్చున్నాను. పేచీకోరు ఎవరో నువ్వే తేల్చు.

ఈ ఉత్తరం మాత్రం చదివేక చించెయ్యి.

భారతత్త


డొరగుడ,
29 జూన్.

భారతత్తకి,

చించలేదు.

నువ్వు మా దగ్గర ఉండి వెళ్లిన మర్నాడు చిన్ను నీకోసం ఇల్లంతా వెతికేడు, బీరువా కూడా తీయించేడు. పీట వేసి నిన్ను బస్సెక్కించినందుకు లక్ష్మణ మీద పగబట్టేడు. అతను గేటు దగ్గర కనబడితే నా వెనక దాక్కుని చెప్పు విసురుతున్నాడు. నువ్వు వచ్చినప్పుడూ అదే పీట వేసేడని వాడికి నచ్చచెప్పలేకపోతున్నాను.

ఉన్న పది రోజుల్లో నీ పద్ధతులు ఏమయ్యేయో నేను అడగను. వద్దంటే వద్దే అన్నావు. రెండో ఏడుపుకే ఇచ్చేసేవు, నేను వంటింట్లోంచి చూసేను. నేను మూడో ఏడుపు దాకా ఆగుతాను.

క్రెష్ సంగతి రాస్తాను. మొదటి నాలుగు రోజులూ నువ్వు ఆ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చోకపోతే ప్రణతి మేడం వాడిని గేటు కూడా దాటనిచ్చేది కాదు. ఆవిడకి నీ ఒడియా బాగా నచ్చిందట, పాత పాఠ్యపుస్తకంలా ఉందంది. వాడిని ఆగస్టు దాకా చూసి చెప్తానంది. ఈ రెండు వారాల్లో ఒక్కర్నే కొరికేడు, ఆ ఒక్కడూ మూడోవాడే. ఎందుకో నాకు ఇంకా తెలీదు. వాడికి నచ్చడేమో. మనకీ నచ్చనివాళ్లుంటారు, మనం కరవం, అంతే తేడా.

నేను నాలుగో తరగతి, ఐదో తరగతి చెప్తున్నాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఒంట్లో ఓపిక ఉండదు, అప్పుడే వాడు చొక్కా విప్పనని మొదలుపెడతాడు. నిన్న నేను గట్టిగా అరిచేసేను. అరిచేక ఇద్దరం భయపడ్డాం. ఇది నీకు కాక ఇంకెవరికీ రాయలేను.

ఆగస్టు పదకొండు ఆదివారం శ్రావణమాసం. బావకి సెలవు దొరికింది. నాకు ఆ వారమంతా స్కూల్లో పరీక్షపేపర్ల పని, సెలవు లేదు. మీరు ముగ్గురూ వెళ్లండి. పసుపు మూట బావ తెస్తాడు. కొండమీదకి బస్సు ఉంది అత్తా. నేను ఇంక ఏమీ చెప్పను.

నీ నాగశ్రీ


రాయగడ,
13 ఆగస్టు.

అమ్మీ నాగశ్రీ,

క్షేమంగా దిగేం. ప్రసాదు నీకు ఫోన్లో చెప్పే ఉంటాడు, దర్శనం బాగా అయింది, ప్రసాదం బాగుంది అని. వాడికి అంతకన్నా చెప్పడం రాదు. మిగతాది నేను రాస్తున్నాను.

బస్సులో వెళ్దామని వాడు, మెట్ల దగ్గరికి తీసుకెళ్లమని నేను. స్టేషన్లో కాసేపు వాదులాడుకున్నాం. నేనే గెలిచేను, నీకు తెలుసు. తొలిపావంచా అనే కింది మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి చిన్నుని చంకనెత్తుకున్నాను. పదమూడు కిలోలు. మొదటి మెట్టు ఎక్కేను. రెండోది ఎక్కేను. మూడోదాని మీద వాడు నా పొట్టలో మోకాలితో పొడిచి 'నేనే, నేనే' అని దిగిపోయేడు. ఎత్తుకుంటే తన్నుతాడు, చెయ్యి పట్టుకుంటే విదిలిస్తాడు. అప్పన్నా, ఇది నా తప్పు కాదు, చూస్తున్నావు కదా అన్నాను లోపల.

వాడు పదకొండో మెట్టు దాకా తనే ఎక్కేడు. పన్నెండోది ఎక్కనన్నాడు. ఎందుకో తెలీదు, ఆ మెట్టు మిగతావాటిలాగే ఉంది. నడవనన్నాడు, ఎత్తుకోవద్దన్నాడు, కిందికి రానన్నాడు, పైకి పోనన్నాడు. బోర్లా పడుకుని అరుపు. ప్రసాదు సెల్ ఫోన్ తీసి చూపించబోతే నేను కళ్లెర్రజేసేను.

నేను అప్పటికి తొమ్మిదో మెట్టు మీద గోడ పట్టుకుని నిలబడి ఉన్నాను. ఇంకా తొమ్మిదివందల తొంభై ఎన్నో. ఆ రెండూ ఎలాగో ఎక్కి వాడి పక్కన కూర్చున్నాను. వాడిని ఊరుకోమని అనలేదు. వాడు 'ఎక్కను' అన్నాడు. నేను ప్రసాదుతో 'నేనూ ఎక్కలేనురా' అన్నాను. మెల్లిగా అనలేదు, నలుగురికీ వినపడేలాగే అన్నాను. ప్రసాదు బస్సు టైము కనుక్కొస్తానని కిందకి పోయేడు. నా కొడుకు మీద నాకు ఎప్పుడూ లేని గౌరవం కలిగింది, పది నిమిషాలపాటు.

బస్సులో కొండమీదకి పోయి మొక్కు చెల్లించేను. అప్పన్నకి నేనేం చెప్పుకున్నానో నీకు చెప్పను, ఆయనేమన్నాడో నాకూ తెలీదు. మీరిద్దరూ బాగున్నారు కదా. ఉంటే చాలు. నువ్వు అరిచేనని రాసేవే, దాని గురించి రాయాలనే ఇవాళ కలం పట్టుకున్నాను, దారి తప్పి కొండెక్కేను. ప్రసాదు మీద నేను ఎన్నిసార్లు అరిచేనో ఎవరికీ ఉత్తరం రాయలేదు. రాసుకోవడానికి ఒకరు ఉంటే బాగుండేది.

ఆ మెట్టు మీద మేం చాలాసేపు కూర్చున్నాం. జనం మమ్మల్ని దాటుకుని ఎక్కిపోతున్నారు. చిన్ను అరుపు తగ్గి ఎక్కిళ్లలోకి దిగింది గానీ లేవలేదు. తలమీద పళ్లెం పెట్టుకుని ఎక్కుతున్న ఒకావిడ ఆగి, మమ్మల్నిద్దర్నీ చూసి, "ఏటి మామ్మగోరూ, పిల్లడు పేచీ ఎడతన్నాడా?" అంది.

"ఇద్దరం పెడుతున్నామమ్మా" అన్నాను.

భారతత్త